మంచినీళ్లు అడిగే మనిషి

లంజిపల్లి, బరంపురం.
కార్తీక పున్నమి మర్నాడు.

చిరంజీవి బాబీని పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి వదిలెయ్యకుండా కాగితం తీసుకుని రాశావు. ఆ అక్షరాల్లో మీ తాత చేతివాలు కనిపించి చాలాసేపు చదవకుండానే చూస్తూ కూచున్నాను. మేమంతా కులాసా. నా కంటి ఆపరేషను గురించి అడిగావు, చూపు బాగుంది, కళ్లద్దాలు లేకుండానే ఇది రాస్తున్నాను.

నువ్వు రాయని సంగతి ఒకటి నాకు ఇంకోచోట తెలిసింది. మొన్న పెద్దబజారులో పట్టుచీరల కొట్టుకి కంచిలి నుంచి వచ్చినావిడ నన్ను గుర్తుపట్టి, "మీ మేనల్లుడు ఫ్లెక్సీలో ఉన్నాడండీ" అంది. సోంపేటలో నడిరోడ్డు మీద, నాయకుడి పక్కన, చేతులు జోడించి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉన్నావట. విశాఖలో ఉద్యోగం మానేశావట. తెల్లకారు ఒకటి తెచ్చుకుని నలుగురు కుర్రాళ్లతో ఊళ్లు తిరుగుతున్నావట. నాకు రాసిన ఉత్తరంలో మాత్రం "ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాను" అన్నావు.

రాజకీయాల్లోకి వెళ్లకురా అని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు నాయనా. మన ఇంట్లో ఆ మాట అనగలవాళ్లు ఎవరూ లేరు, మీ తాత బతుకు నీకు తెలిసిందే. ఉద్యోగం మానడం కూడా చెడ్డపని అనను, నెలజీతం లేకపోతే ఇల్లెలా గడుస్తుందో లెక్క వేసుకుని మానేస్తే చాలు. ఫ్లెక్సీ అంటావా, ఎండకి వెలిసిపోతుంది, దాని గురించి నాకు బెంగ లేదు. నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది ఆ కారు.

నీ ఉత్తరం చివర ఒక్క వాక్యం ఉంది: "లచ్చన్నగారు అసెంబ్లీలో ముప్ఫై ఐదేళ్లు ఎలా నిలబడ్డారు పెద్దత్తా, తాత ఏమైనా చెప్పేవాడా?" ఈ ఉత్తరమంతా ఆ వాక్యానికి జవాబే అనుకో. మధ్యలో వేరే దారుల్లోకి వెళ్తాను, విసుక్కోకుండా చదువు.

ఎక్కువకాలం నెగ్గినవాళ్లకి మా గంజాం జిల్లాలో కొదవ లేదు. ఖల్లికోట రాణీగారు సుజ్ఞాన కుమారి దేవ్ పదిసార్లు ఒడిశా శాసనసభకు గెలిచారు. నవీన్ పట్నాయక్‌గారు ఇక్కడికి దగ్గర్లోని హింజిలి నుంచి గెలుస్తూ 2000 మార్చి నుంచి 2024 జూన్ దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. దేశం మొత్తం మీద అంతకన్నా ఎక్కువకాలం ఆ పదవిలో ఉన్నది సిక్కింలో పవన్ చామ్లింగ్ ఒక్కరే. వాళ్ల పట్ల నాకు గౌరవం ఉంది. కానీ రాణీగారికి కోట పేరుంది, నవీన్‌గారికి తండ్రి బిజూబాబు పేరుంది. మనకి అలాంటి పేరేదీ లేదు, మీ నాన్న పోస్టాఫీసు గుమస్తా. అందుకే నువ్వు మన సోంపేట నాయకుడు లచ్చన్నగారి గురించి అడగడం నాకు నచ్చింది. 1909లో బారువలో కల్లుగీత కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన. చేతిలో ఏ కోటా లేకుండా మొదలుపెట్టారు.

1930లో గాంధీగారు ఉప్పు సత్యాగ్రహానికి పిలుపిచ్చినప్పుడు ఆయనకి ఇరవై ఒకటో ఏడు. చదువు వదిలేసి ఉప్పు వండారు. టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలో పెట్టి, శిక్ష పడ్డాక ఇక్కడికే, మన బరంపురం జైలుకే తెచ్చారు. నెల్లాళ్లు ఉన్నారు. అప్పటికి బారువా బరంపురమూ రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాయే కదా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక మధ్యలో గీత పడింది, ఆ గీతకి అవతల పుట్టిన నేను ఇవతలికి కోడలిగా వచ్చాను. అత్తవారింటికి వచ్చిన కొత్తలో జైలు గోడ పక్కనుంచి పోతూ ఉంటే పుట్టిల్లు గుర్తొచ్చేది. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

సరే, నీ ప్రశ్నకి జవాబు నడకలో ఉంది, ఆ సంగతికి వస్తాను. నీకు ఇచ్ఛాపురం అంటే ఏం గుర్తొస్తుంది? పాదయాత్రలు ముగిసే ఊరు. 2003లో రాజశేఖరరెడ్డిగారు చేవెళ్లలో బయల్దేరి మండుటెండల్లో నడిచి జూన్‌లో అక్కడే ముగించారు. జగన్మోహన్‌రెడ్డిగారు ఇడుపులపాయ నుంచి 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరిలో అక్కడికే వచ్చారు. ఇద్దరి పేరునా అక్కడ స్తూపాలున్నాయి, చూసే ఉంటావు. ఇద్దరూ ఆ తరవాత ముఖ్యమంత్రులయ్యారు. కానీ అదే ఇచ్ఛాపురం ఒకప్పుడు నడక మొదలైన ఊరు. 1937లో జమీందారీల కింద నలుగుతున్న రైతులు కొమ్మారెడ్డి సత్యనారాయణమూర్తిగారు, చలసాని వాసుదేవరావుగారి వెంట ఇచ్ఛాపురంలో బయల్దేరి మద్రాసు దాకా నడిచారు. నెలల తరబడి నడిచి 1938లో చేరారు. రైతు రక్షణ యాత్ర అంటారు దాన్ని. అప్పుడు మద్రాసులో రాజాజీ ప్రధాని, రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులుగారు. పంతులుగారి అధ్యక్షతనే జమీందారీ విచారణ సంఘం వేశారు. ఎస్టేట్ల రద్దు చట్టం రావడానికి 1948 దాకా పట్టింది. అంటే నడిచినవాళ్లలో చాలామంది ఇంకో పదేళ్లు శిస్తులు కడుతూనే ఉన్నారన్నమాట. నడిస్తే వెంటనే ఫలితం వస్తుందని నేను నీకు చెప్పడం లేదు. వెంటనే రాదు.

ఆ గాలిలో పెరిగినవాళ్లు లచ్చన్నగారూ, మీ తాతా. రైతు నాయకుడు రంగాగారి శిష్యుడిగా లచ్చన్నగారు పలాస, మందస, సోంపేట పల్లెల్లో రైతుల్ని కూడగట్టారు. 1940లో పలాసలో అఖిలభారత కిసాన్ సభ జరిగింది. ఆ రోజుల్లోనే మందస జమీందారీలో అడవి కట్టెల కోసం గొడవయింది. గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్చారు. నిండు చూలాలు గున్నమ్మ పోయింది. వీరగున్నమ్మ అని ఇప్పుడు ఆవిడ విగ్రహం ఉంది. మీ తాత ఆ ఊరికి మర్నాడు వెళ్లాడట. ఏం చూశాడో ఎన్నిసార్లు అడిగినా మాకు చెప్పలేదు. నాకు పెళ్లయ్యాక, నేను పుట్టింటికి పురిటికి వచ్చినప్పుడు మాత్రం అరుగు మీద కూచుని ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదని ఒక్క ముక్క అన్నాడు. గర్భిణిని కదా, మళ్లీ వెంటనే మాట మార్చేశాడు.

మీ తాత నడక నీకు ఎలా చెప్పను? మా నాన్న తెల్లవారుజామున చోడి అంబలి తాగి, టైరు చెప్పులు వేసుకుని బయల్దేరేవాడు. కొబ్బరితోటల్లోంచి ఉద్దానం ఊళ్ల వైపు వెళ్లిపోయేవాడు. బస్సు ఉన్న ఊరికి కూడా నడిచే వెళ్లేవాడు. అమ్మ కోప్పడేది. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్లాడు. నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. ప్రతి ఊళ్లోనూ ముందు ఏదో ఒక ఇంటి ముందు ఆగి, "అమ్మా, కాసిని మంచినీళ్లు" అనేవాడు. ప్రతి ఊళ్లోనూ అంత దాహం వేస్తుందా అని నేను అడిగాను. దాహం కోసం కాదే అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. నాకు అర్థం కావడానికి బరంపురం వచ్చి పంతులమ్మనై కొన్నేళ్లు గడవాల్సి వచ్చింది.

మా తెలుగు బడిలో పిల్లలు తగ్గిపోతున్నప్పుడు ఏటా జూన్‌లో మేం టీచర్లం ఇంటింటికీ వెళ్లేవాళ్లం. లంజిపల్లి, కోర్టుపేట, ఆ చుట్టుపక్కల సందులన్నీ. అదే తల్లి బడికి పిలిస్తే వచ్చి గోడకి నిలబడి తల ఊపి వెళ్లిపోయేది. నేను ఎండలో నడిచి వాళ్ల గుమ్మంలోకి వెళ్లి నీళ్లు అడిగితే, ఆ గ్లాసు నా చేతికిచ్చేలోగా ఆమె ముఖం మారిపోయేది. నాకు ఏదో ఇచ్చింది కదా. ఇక నాతో సమానంగా కూచునేది. మగడు సూరత్ మిల్లుకి వెళ్లి డబ్బు పంపడం లేదని, పెద్దపిల్లని బడి మాన్పించి అప్పడాలు వత్తడానికి పంపుతున్నానని, అప్పుడు చెప్పేది. ఎన్ని అర్జీలు రాయించినా ఆ మాట కాగితం మీదకి రాదు నాయనా. నడిచి వచ్చినవాడికి నీళ్లు కావాలి, నీడ కావాలి, దారి చెప్పేవాళ్లు కావాలి. వాడికి ఊరితో అవసరం ఉంది. కారులో వచ్చినవాడికి సీసాలో నీళ్లున్నాయి, చల్లగాలి ఉంది, ఫోనులో దారి ఉంది. వాడికి ఓటు తప్ప ఏమీ అక్కర్లేదని ఊరికి తెలిసిపోతుంది.

లచ్చన్నగారు ముప్ఫై ఐదేళ్లు నిలబడటానికి నాకు తెలిసిన కారణం ఇదే. పార్టీ కాదు, ఎందుకంటే పార్టీలు మారాయి: కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్ర, జనతా. ప్రభుత్వాలు కాదు, ఆయన జీవితంలో ఎక్కువభాగం ప్రతిపక్షంలోనే గడిచింది. రాజధానులే మూడు మారాయి. మద్రాసు సభలో కూచున్నారు, కర్నూలు సభలో కూచున్నారు, హైదరాబాదు సభలో కూచున్నారు. మారనిది ఈ మూల ఉన్న చిత్తడి బీల పొలాలు, తోటలు, సముద్రం ఒడ్డు పల్లెలు, వాళ్ల గుమ్మాలు. సర్దార్ అన్న బిరుదు ఆయనకి ఢిల్లీలో ఎవరో ఇచ్చింది కాదు, ఆ గుమ్మాల్లో పుట్టింది.

నీ మోకాలు ఎలా ఉంది? రెండేళ్ల క్రితం బండి మీంచి పడ్డావు కదా, వాన పడితే ఇంకా లాగుతోందా? నడవమంటున్నాను గానీ ముందు ఎముకల డాక్టరుకి చూపించు. మొదటి వారం ఒక ఊరు చాలు. కొత్త చెప్పులు వద్దు, పాదం ఒరుసుకుంటుంది, నాలుగు నెలలు వాడిన చెప్పులే మంచివి. తెల్లవారకముందే బయల్దేరి తొమ్మిదింటికల్లా ఎక్కడో ఒక అరుగు ఎక్కిపోవాలి, మా సముద్రపు ఎండలో తేమ ఎక్కువ, ఒళ్లు తెలీకుండా నీరసిస్తుంది. తల మీద తువ్వాలు వేసుకో. వెంట ఒక్కడిని మించి వద్దు. నలుగురితో వెళ్తే ఇంటావిడ తలుపు చాటుకి పోతుంది. ఆ ఒక్కడి ఫోనూ జేబులోనే ఉండాలి, నువ్వు నీళ్లు తాగుతున్న ఫొటో ఊరికి కనిపించిన రోజున ఇంకెవరూ నిన్ను నమ్మి మాట్లాడరు. కుర్చీ తెచ్చి వేస్తారు, మిగతావాళ్లు నిలబడి ఉంటే కూచోకు. ఏమీ హామీ ఇవ్వకు. "చూద్దాం" అని కూడా అనకు, అది కూడా హామీయే. విని, సాయంత్రం ఇంటికొచ్చి రాసుకో, వాళ్ల ముందు రాయకు. అన్నిటికన్నా ముఖ్యం, ఎన్నికలు అయిపోయిన వారంలో మళ్లీ వెళ్లు. ఓడినా వెళ్లు. గెలిస్తే ఆ వారమే వెళ్లు, దండలు వేయించుకోవడానికి కాదు, మళ్లీ నీళ్లు అడగడానికి.

ఒక్కమాట, ఉద్దానం ఊళ్లలో బోరునీళ్లు తాగకు. అక్కడివాళ్లకి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు ఉన్న ఇంట్లోనే అడుగు. ఆ నీళ్లు రాని ఊరు కనిపిస్తే, నీకు సభలో అడగాల్సిన మొదటి ప్రశ్న అక్కడే దొరికిందన్నమాట.

నడిచే మనిషి చేసిన పనులన్నీ నాకు నచ్చాయని కాదు. 1954 సంగతి విను. అప్పుడు నాకు ఏడేళ్లు. మద్యనిషేధం వల్ల చెట్టెక్కి బతికే కల్లుగీతవాళ్ల పొట్టకొట్టినట్టయింది. లచ్చన్నగారు వాళ్ల పక్షాన సత్యాగ్రహం నడిపారు. నవంబరులో అదే నిషేధం విషయం మీద కర్నూలు సభలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెల్లవాళ్ల తుపాకీ ముందు చొక్కా విప్పి నిలబడ్డ పంతులుగారు, ఆంధ్రరాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి, దిగిపోయారు. మా నాన్న ఆ రోజు సంతోషించాడో బాధపడ్డాడో చెప్పలేను, రెండూ అయ్యుంటుంది. తరవాత గోపాలరెడ్డిగారి మంత్రివర్గంలో లచ్చన్నగారు మంత్రి అయ్యారు.

నేను మాత్రం మా నాన్నతో ఈ విషయం మీద ఎన్నేళ్లు వాదించానో. తాగుబోతు తండ్రుల పిల్లలు నా తరగతిలో కూచునేవాళ్లు, పలకలు పగిలి, అన్నం తినకుండా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు నా ప్రాణం లేచివచ్చింది. నాన్న అప్పటికి ముసలివాడు, చెవులు సరిగ్గా వినిపించేవి కావు. కల్లు చెట్టుది, సారా కంట్రాక్టరుది, రెంటినీ ఒక గాటికి కట్టకు అన్నాడు. ఇప్పటికీ నేను పూర్తిగా ఒప్పుకోను. కానీ ఒక సంగతి ఒప్పుకుంటాను. ఆ చట్టం రాసినవాళ్లకి చెట్టెక్కేవాడి ఇంట్లో మర్నాడు ఏం వండుతారో తెలీదు. లచ్చన్నగారికి తెలుసు. తెలిసిన మనిషి తప్పు చేసినా సరిదిద్దుకునే వీలుంటుంది. నువ్వు ఏ పక్షాన నిలబడతావో నాకు చెప్పక్కర్లేదు, ఎదటివాడి పొయ్యి దగ్గరికి కూడా ఒకసారి వెళ్లి రా.

1967 ఎన్నికలు మాత్రం నాకు బాగా గుర్తు. టీచరు ట్రైనింగులో ఉన్నాను. స్వతంత్ర పార్టీ గుర్తు నక్షత్రం. లచ్చన్నగారు సోంపేట శాసనసభకీ, శ్రీకాకుళం లోక్‌సభకీ రెండింటికీ గెలిచారు. మన ఇంట్లో పండగ. మీ తాత పాదాలు వాచిపోయి ఉన్నాయి, మామ్మ ఉప్పునీళ్లు కాచి కాపడం పెడుతోంది. అంతలో తెలిసింది, రంగాగారు ఓడిపోయారని, గురువు కోసం లచ్చన్నగారు లోక్‌సభ స్థానం వదిలేస్తున్నారని. ఆలోచించు బాబీ. ఢిల్లీ సభ, చేతికొచ్చిన సీటు. దాన్ని గుంటూరు నిడుబ్రోలు మనిషికి ఇచ్చేసి, తను సోంపేట ఎమ్మెల్యేగానే ఉండిపోయారు. ఉపఎన్నికలో రంగాగారు శ్రీకాకుళం నుంచి గెలిచారు. మన జనం ఆయన్ని గెలిపించారంటే అది లచ్చన్నగారి మాట మీదే. మీ తాత వాపు తగ్గకుండానే మళ్లీ చెప్పులు తొడిగాడు. మామ్మ ఆ రోజు తాతతో మాట్లాడలేదు, కానీ అంబలి మాత్రం కాచి ఇచ్చింది.

ఇప్పుడు నీ ఫ్లెక్సీ మీదున్న నాయకుడు ఎవరికోసమైనా సీటు వదులుకుంటాడా? ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన్ని నేను చూడలేదు. నువ్వు ఆయన పక్కన ఫొటోలో నిలబడే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నావా అని అడుగుతున్నాను.

1978 నుంచి లచ్చన్నగారు హైదరాబాదులో ప్రతిపక్ష నాయకుడు. జనతా పార్టీకి ఆ సభలో 60 మంది. ఎదురుగా ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కరరెడ్డి. ఆ సీట్లో కూచున్నవాళ్లు మారిపోతుంటే ఎదుటి సీట్లో ఈయన ఉన్నారు. ప్రతిపక్షంలో ఐదేళ్లు కూచోవడం మంత్రి కావడం కన్నా కష్టమని నా అభిప్రాయం. సంతకం పెట్టడానికి నీ చేతిలో ఏ ఫైలూ ఉండదు. నీ దగ్గర ఉండేది నువ్వు విన్నదే. వినకపోతే అరవాల్సి వస్తుంది, ఇప్పుడు సభల్లో వినిపించే అరుపులు చాలామటుకు అవే. 1983లో రామారావుగారి గాలికి సభ మొత్తం మారిపోయింది. లచ్చన్నగారు 2006 ఏప్రిల్‌లో, తొంభై ఆరు దాటాక పోయారు. వెనుకబడిన కులాలవాళ్లకి చదువుల్లో, ఉద్యోగాల్లో వాటా కోసం ఆయన చేసిన పని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు సోంపేటలో ఇంకా ఉన్నారు. వాళ్లు ఉన్నప్పుడే వెళ్లి కూచో.

నీకు తెలుసో లేదో, 2009 ఎన్నికల నాటికి సోంపేట నియోజకవర్గమే లేకుండా పోయింది. పునర్విభజనలో సోంపేట ఇచ్ఛాపురంలో కలిసింది, మందస కొత్తగా పుట్టిన పలాసలోకి వెళ్లింది. ఆయన గెలిచిన సీటు ఇవాళ కాగితం మీద కూడా లేదు. ఆ మరుసటేడు, 2010 జులైలో, బీలలో థర్మల్ ప్లాంటు వద్దని సోంపేట రైతులు నిలబడితే కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. చివరికి ఆ ప్లాంటు అనుమతి రద్దయింది. నేను ఇక్కడి నుంచి పేపర్లో చదువుతూ, ఆ ఫొటోల్లో మన ఊరి ముఖాలు వెతుక్కున్నాను. ఆ రైతులకి ఎవరూ కొత్తగా ఏమీ నేర్పలేదు. వాళ్ల తాతల ఇళ్లలో నీళ్లు అడిగిన మనుషులు ఉన్నారు, అంతే.

ఇక డబ్బు గురించి. కారు ఎవరిది? డీజిలుకి డబ్బు ఎవరిస్తున్నారు? ఆ నలుగురు కుర్రాళ్ల మధ్యాహ్నం భోజనం ఎవరి జేబులోంచి? ఈ మూడింటికీ నువ్వు నాకు తిరుగు టపాలో జవాబు రాయాలి. నీదే అయితే ఎంత అప్పు చేశావో రాయి, భయపడకు, నా పెన్షనులో కొంత మిగులుతోంది, ముందు ఆ అప్పు తీర్చేద్దాం. ఎవరో ఇస్తున్నారంటే వాళ్ల కారు వాళ్లకి తిరిగిచ్చెయ్యి. ఇచ్చినందుకు ఏం కావాలో వాళ్లు ఇంకా అడగలేదు. అడిగే రోజున నీకు కాదనే బలం ఉండదు.

మీ అమ్మకి అన్నీ నువ్వే చెప్పు, నేను ఫోను చెయ్యను. ఆమె మొదట తిడుతుంది, తరవాత అన్నం పెడుతుంది, మన ఇళ్లలో అందరికీ అలాగే జరిగింది. పెళ్లి మాట కూడా ఎత్తుతుంది. రాజకీయాల్లో ఉన్నవాడికి పిల్లనెవరిస్తారు అంటుంది. మీ తాతకి ఇచ్చారని చెప్పు.

వచ్చే శనివారం కంచిలి వెళ్లే బస్సులో మా పక్కింటివాళ్ల అబ్బాయితో అప్పడాల కట్ట పంపుతున్నాను. మినప అప్పడాలు, మా వీధి ఆడవాళ్లు వత్తినవి, నిప్పుల మీద కాల్చుకుంటేనే బాగుంటాయి. దాంతోపాటు మీ తాత నోటుపుస్తకం ఒకటి పెడుతున్నాను. ఏ ఊళ్లో ఎవరింటి నీళ్లు తాగాడో రాసుకున్నది. కొన్ని ఊళ్ల పేర్లు మారాయి, కొన్ని ఇళ్లు తుపాన్లకి పోయాయి. బారువ పక్కనున్న ఊళ్లతో మొదలుపెట్టు, ఆ పేజీలు సిరా చెదరకుండా ఉన్నాయి. పుస్తకం తడపకు, పనయ్యాక నువ్వే తెచ్చి నాకివ్వాలి.

ఇట్లు
మీ పెద్దత్త